ముందు ఆ ముద్రను పక్కన పెట్టండి

అమెరికాలోని పేరుమోసిన ద్వీప జైలు ‘ఆల్కట్రాజ్’ పేరు ముద్ర ఉంది కాబట్టి మీరు కొనాలనుకుంటున్న డార్బీ సంకెళ్లు (పాతకాలపు ఇనుప చేతి సంకెళ్లు) అసలువేనా అని అడిగారు. నాకైతే ఆ ముద్ర మీదే అనుమానం. అక్కడ ఫెడరల్ జైలు తెరిచింది 1934లో, మీరు చూపించినవి చూస్తే స్క్రూ తాళంచెవితో తెరిచే పాత రకం, అప్పటికి పీర్‌లెస్ వాళ్ల 1912 పేటెంట్ రాచెట్ సంకెళ్లు (నొక్కితే పళ్ల మీదుగా బిగుసుకునే రకం) వచ్చి చాలా ఏళ్లయింది. పేరుమోసిన జైళ్ల పేర్లు కొట్టి అమ్మే నకిలీలు బోలెడు. లోహం చూడండి. లోపలి అంచు వెంట పోత అచ్చు గీత కనిపిస్తోందా, పైన సన్నటి గుంటలున్నాయా? ఉంటే అచ్చులో పోత పోసిన నకిలీ కావచ్చు. మంచి పాత డార్బీలు సుత్తితో సాగగొట్టి, ఆకురాయితో నున్నగా రుద్దినవి. తుప్పు అంతటా ఒకేలా ఉంటే యాసిడ్ పూసి తెప్పించారేమో చూడాలి, బాగా వాడిన జతకైతే కీలు దగ్గర అరుగుదల కనిపిస్తుంది. అమ్మేవాళ్లను తాళంచెవి తిప్పుతున్న వీడియో అడగండి, మర వదులుగా ఊగుతుంటే మాత్రం డబ్బు కట్టొద్దు.