మీరడిగారు: మందు డబ్బాకి వైరస్ తొడుగా?

ప్రశ్న: డీఎన్‌ఏతో బుల్లి డబ్బాలు చేసి, వైరస్‌లాగా తయారుచేసి మందు పంపొచ్చని బయోటెక్ చదివే మా అబ్బాయి అంటున్నాడు. కరోనా చూశాక వైరస్ అంటేనే టెన్షన్. ప్రమాదం కాదాండీ?
- ఒక పాఠకురాలు, తార్నాక, హైదరాబాద్

జవాబు: కంగారు పడకండమ్మా, ఇందులో జబ్బు చేసే వైరస్ ఏదీ ఉండదు, దాని ఉపాయం ఒక్కటే అరువు తెచ్చుకున్నారు. చీర కుచ్చిళ్లు పెట్టి పిన్నీసులు గుచ్చుతారు కదా, సరిగ్గా అలాగే పొడవాటి డీఎన్‌ఏ పోగుని రెండొందల పైచిలుకు పొట్టి పోగులతో మడతపెట్టి కావలసిన ఆకారం తెప్పించొచ్చని 2006లో పాల్ రాథెమండ్ అనే శాస్త్రవేత్త చూపించారు. ఆ పొడవాటి పోగు ఎక్కడిదనుకున్నారు? ఎమ్13 అనే వైరస్‌ది! అది బాక్టీరియాకే సోకుతుంది, మన జోలికి రాదు.

చిక్కంతా ఒంట్లోకి వెళ్లాకే. రక్తంలోని ఎంజైములు డీఎన్‌ఏని ముక్కలు చేసేస్తాయి, రోగనిరోధక వ్యవస్థ కూడా ఊరుకోదు. మరి ఫ్లూ, కరోనా వైరస్‌లు ఎలా నెగ్గుకొస్తాయంటే, మన కణం నుంచే కొవ్వు పొర లాక్కుని ఒంటికి చుట్టుకుంటాయి, దొంగ బుద్ధి అంటే అదీ. 2014లో పెరాల్ట్, షీ అనే ఇద్దరు పరిశోధకులు సుమారు 50 నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు) డీఎన్‌ఏ బొమ్మకి అలాంటి పొరే తొడిగి ఎలుకల్లోకి ఎక్కిస్తే, తొడుగు లేనిదానికంటే చాలాసేపు రక్తంలో నిలిచింది. వైరస్‌లాగా మన కణంలో దూరి తన నకళ్లు చేయించుకునే శక్తి దీనికి లేదు, వైరస్‌కీ దీనికీ అసలు తేడా అదే. మందుల షాపులో ఇప్పుడే అడక్కండి, మీ అబ్బాయి ఉద్యోగంలో చేరాక కూడా పరిశోధన నడుస్తూనే ఉండొచ్చు.