పైన నున్నగా ఉంది, అడుగున ఎందుకు చీలింది?

ప్రశ్న: నమస్తే సార్. కరీంనగర్‌లో బీటెక్ చివరి ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం వర్క్‌షాప్‌లోని మిల్లింగ్ మెషిన్ మీద 6 మి.మీ. మందం ఉన్న 6061 రకం అల్యూమినియం ప్లేట్లు రెండింటిని ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్‌తో అతికించాం. టూల్ కొనన లోహంలోకి దిగే పిన్ పొడవు 5 మి.మీ. పైన అతుకు చక్కగా వచ్చింది. అడుగు వైపు బయటికి వచ్చేలా వంచితే మాత్రం గీత గీసినట్టు చీలిపోయింది. స్పీడ్ మార్చినా అంతే. వచ్చే నెలలో వైవా, టెన్షన్‌గా ఉంది. తప్పెక్కడ?

జవాబు: తమ్ముడూ, ప్లేటు 6, పిన్ 5. నీ తప్పు ఆ ఒక్క మి.మీ.లోనే ఉంది.

ఈ పద్ధతిలో లోహం కరగదు. తిరిగే టూల్ రాపిడికి వేడెక్కి మెత్తబడుతుంది, పిన్ దాన్ని కలియతిప్పుతుంది. మన ఇళ్లల్లో జొన్నపిండి పిసికేటప్పుడు చెయ్యి అందని చోట పొడిపిండి అలాగే ఉండిపోతుంది కదా, నీ ప్లేట్ల అడుగున జరిగింది అదే. పిన్ కొనకు కాస్త కింద వరకూ లోహం కదులుతుంది కానీ ఒక మి.మీ. లోతు కదలదు. అక్కడ రెండు అంచులూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయే తప్ప అతుక్కోలేదు.

హన్మకొండలో వర్క్‌షాప్ పని చేసిన రోజుల్లో నాకూ ఇదే జరిగింది. పైన వచ్చిన నునుపు చూసి మురిసిపోయి, అందరికీ చూపించాను. వైస్‌లో బిగించి వంచగానే రెండు ముక్కలైంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటినుంచి ఏ అతుకైనా ముందు తిరగేసి అడుగు చూస్తాను.

టూల్‌ను ఇంకా లోతుకు దించితే సరిపోతుందని అనుకోకు. పిన్ పైన ప్లేటును ఒత్తే వెడల్పాటి భాగం, అంటే షోల్డర్, ప్లేటులోకి దిగబడి లోహం అంచులకు పొంగుతుంది, అతుకు దగ్గర మందం తగ్గిపోతుంది. 5.7 లేదా 5.8 మి.మీ. పిన్‌తో కొత్త టూల్ చేయించు. ప్లేట్ల కింద పెట్టే ఉక్కు పలక సమతలంగా ఉండాలి. క్లాంపులు గట్టిగా బిగించు, ఎందుకంటే పిన్ దిగేటప్పుడు ప్లేట్లను పక్కలకు నెట్టేస్తుంది.

అంచులను వెల్డింగ్‌కు ముందే స్టెయిన్‌లెస్ స్టీల్ బ్రష్‌తో రుద్ది, అసిటోన్‌తో తుడువు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, దాని మీది ఆక్సైడ్ పొర మాత్రం 2,000 డిగ్రీలు దాటితే గానీ కరగదు. ఆ పొర అతుకులో మిగిలితే కంటికి కలిసినట్టే ఉంటుంది, వంచితే విడిపోతుంది.

1991లో ఇంగ్లండ్‌లోని వెల్డింగ్ పరిశోధన సంస్థ టీడబ్ల్యూఐ ఈ పద్ధతిని కనిపెట్టింది. మామూలు వెల్డింగ్‌కు లొంగని విమానాల అల్యూమినియాన్ని కూడా ఇది అతికిస్తుంది. అంత మంచి పనిని నువ్వు మిల్లింగ్ మెషిన్ మీద చేస్తున్నావంటే నాకు నిజంగా సంతోషంగా ఉంది.

కొత్త అతుకును అడ్డంగా కోసి, పాలిష్ చేసి, లోహం లోపలి గీతలు కంటికి కనిపించేలా చేసే కెల్లర్ ద్రావణంతో పరీక్షించు. అందులో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది, చర్మం మీద పడితే చాలా ప్రమాదం. ల్యాబ్ సార్ పక్కన లేకుండా ముట్టుకోవద్దు. అడుగున వెంట్రుక లాంటి గీత కనిపించిందంటే పిన్ ఇంకా అందలేదన్నమాట. చీలిన పాత ముక్కను పారేయకు, వైవాలో కొత్తదాని పక్కనే పెట్టి చూపించు.