వడ్డించక ముందే చెయ్యి అడ్డం పెట్టండి

ప్రశ్న: నా వయసు 41. మందుల కంపెనీలో మెడికల్ రిప్రజెంటేటివ్‌గా పనిచేస్తున్నాను. వారంలో ఐదు రోజులు నరసన్నపేట, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం వైపు తిరుగుతాను. ఉదయం పూరీ లేదా మైసూరు బోండా, మధ్యాహ్నం ఫుల్ మీల్స్, సాయంత్రం బజ్జీలు, రాత్రి ధాబాలో బిర్యానీ. టీలు రోజుకు ఐదు. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 86 కిలోలు, నడుము 41 అంగుళాలు. హోటల్ తిండి మానడం నా ఉద్యోగంలో కుదరదు. అన్నం పూర్తిగా మానేసి ప్రొటీన్ పొడి తాగమని, జిమ్‌లో చేరమని మిత్రులు అంటున్నారు. ఉదయం ఆరున్నరకే బస్సు ఎక్కే నాకు జిమ్ ఎలా కుదురుతుంది? - ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: తమ్ముడూ, హోటల్ తిండి మానెయ్యమని నేను చెప్పను. నేను పెరిగిందే ఆ తిండి మీద. మా అమ్మ విజయనగరంలో పద్దెనిమిదేళ్లు మెస్సు నడిపింది. కాలేజీ కుర్రవాళ్లు, బదిలీ మీద కొత్తగా వచ్చిన ఉద్యోగులు, కోర్టు పని మీద ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు మా బల్లల దగ్గర తినేవారు. బడి నుంచి రాగానే నేను గ్లాసుల్లో మంచినీళ్లు పోసేదాన్ని. పోషకాహారం గురించి చదువుకోకముందే ఆ వంటగదిలో ఎంతో చూశాను. కూర దించాక అమ్మ ఒక గరిటెడు నూనె కాచి పైన పోసేది. నూనె తేలకపోతే ‘ఈ రోజు కూర కుదరలేదమ్మా’ అనేవారు తినేవాళ్లు. మా ఇంటి గిన్నెలోకి మాత్రం ఆ గరిటె పడకముందే తీసి పెట్టేది.

పిండిపదార్థంలోనైనా మాంసకృత్తుల్లోనైనా గ్రాముకు 4 కేలరీలు ఉంటే, నూనెలో 9 ఉంటాయి. ఒక పెద్ద చెంచా నూనె ఇంచుమించు 120 కేలరీలు. నాలుగు ముద్దల్లో ఎటుపోయిందో తెలియకుండా కడుపులోకి వెళ్లిపోతుంది. కాబట్టి కూర గిన్నె రాగానే పైన తేలినదాన్ని చెంచాతో పక్కకు తొలగించి, అడుగున ఉన్న ముక్కలు వేసుకోండి. ఎవరూ ఏమీ అనుకోరు. అనుకున్నా వాళ్ల నడుము కొలత వేరు, మీ నడుము కొలత వేరు.

మా మెస్సుకు ఒక లెక్చరరు గారు వచ్చేవారు. కూర్చోగానే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, ‘అమ్మా, ఒక్క గరిటె అన్నం, రెండు కూరలు, పప్పు కాస్త ఎక్కువ’ అనేవారు. మా నాన్నకు అది చిన్నతనంగా ఉండేది, వడ్డించిన చేతిని కాదన్నట్టు. అమ్మ మాత్రం, ‘ఆయన వద్దంటే నాకు బాధ లేదు. వేయించుకుని వదిలేసి లేచేవాళ్లను చూస్తేనే కడుపు తరుక్కుపోతుంది’ అనేది. ముప్పై ఏళ్లుగా నా దగ్గరకు వచ్చేవాళ్లందరికీ నేను చెబుతున్నది ఆ లెక్చరరు గారి పద్ధతే. అన్నం పారేయడం తప్పని మనకు చిన్నప్పుడే నేర్పారు, నేర్పాల్సిందే. అందుకే విస్తట్లో పడ్డాక మనం ఆగలేం, ఆకలి తీరాక కూడా తింటాం. మాట చెప్పవలసింది గరిటె వంగక ముందు.

ఇక మీ రోజు చూద్దాం. మధ్యాహ్నంతోనే మొదలుపెడతాను, ఎక్కువ జరుగుతున్నది అక్కడే. ఫుల్ మీల్స్‌లో పప్పుతో ఒకసారి, సాంబారుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి అన్నం వేయించుకుంటే దాదాపు అరకిలో వండిన అన్నం అవుతుంది. వంద గ్రాములకు 130 చొప్పున అన్నమే 650 కేలరీలు. మీ మిత్రులు చెప్పినట్టు పూర్తిగా మానక్కర్లేదు, సగం చాలు. ప్లేట్ మీల్స్ దొరికే చోట ఫుల్ మీల్స్ అడగకండి. అది లేని చోట అన్నం ఒకేసారి, మీకు కావలసినంత వేయించుకుని, దాన్నే మూడు భాగాలు చేసుకోండి. పప్పు, వేపుడు కాని కూర, రసం మరోసారి అడగండి. కడుపు నిండుతుంది, ఒంటికి కాస్త మాంసకృత్తులూ అందుతాయి. అప్పడం, వేపుడు, చివర్లో వచ్చే స్వీటు మూడూ తీసుకోకండి, మీకు ఇష్టమైనది ఒకటి ఎంచుకోండి. చేపలు తింటే వేపుడు బదులు పులుసు తెప్పించుకోండి. ఇచ్ఛాపురం వైపు ఒడియా వాళ్ల దాల్మా దొరికితే వదలకండి. పప్పులో గుమ్మడి, అరటికాయ, వంకాయ వేసి వండే ఆ కూరకు నూనె పెద్దగా పట్టదు.

ఉదయం మూడు పూరీలు, బంగాళాదుంప కూర కలిపి 500 కేలరీల దాకా వస్తాయి. మూడు ఇడ్లీలు, సాంబారు, కొంచెం పచ్చడి అయితే 300 నుంచి 350. నెయ్యి కారప్పొడి ఇడ్లీ మాత్రం పేరుకే ఇడ్లీ. దోసె కావాలనిపిస్తే ‘నూనె లేకుండా కాల్చండి’ అని పెనం దగ్గరకు వెళ్లి చెప్పండి, బల్ల దగ్గర చెబితే ఆ మాట పెనం దాకా చేరదు. పెసరట్టు మంచిదే, లోపల ఉప్మా వద్దనండి. చోడి (రాగి) అంబలి అమ్మే బండి కనబడితే ఒక గ్లాసు మజ్జిగ కలిపించుకుని తాగండి. మన తాతలు ఎండలో పొలం పనులు చేసింది దాని మీదే.

టీల సంగతి మీరు ఒక్క మాటలో దాటేశారు. కప్పుకు రెండు చెంచాల పంచదార అంటే 10 గ్రాములు. ఐదు కప్పులకు 50 గ్రాములు, 200 కేలరీలు. సాయంత్రం బజ్జీల ప్లేటంత దాదాపు ఇక్కడే వచ్చేస్తోంది. రెండు టీలకు తగ్గించి, పంచదార వేరుగా ఇమ్మని అడగండి. దాహానికి కూల్‌డ్రింకు బదులు ఉద్దానం కొబ్బరిబొండం తాగండి (మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా తాగకూడదు). పలాసలో కొనే జీడిపప్పు మాత్రం లెక్కపెట్టి తినండి. చిన్న గుప్పెడు, 30 గ్రాములు, 165 కేలరీల పైమాటే. ధాబాలో జీడిపప్పు కూర అంటే ఆ గుప్పెడుతో పాటు మీగడ, వెన్న కూడా. రాత్రికి వెన్న రాయని రెండు రోటీలు, పప్పు, ఉల్లి కీరా ముక్కలు, రెండు ఉడికించిన గుడ్లు చెప్పండి. ఒక ప్లేటు బిర్యానీ 800 కేలరీలు దాటడం మామూలే. అది వారానికి ఒకసారి, ఇద్దరు కలిసి తినండి.

ఇవన్నీ ఒకే సోమవారం మొదలుపెట్టకండి. మొదటి రెండు వారాలు టీ, మధ్యాహ్నం అన్నం. తర్వాత ఉదయం టిఫిన్. ఆ తర్వాత రాత్రి భోజనం. రోజుకు 500 కేలరీలు తగ్గితే నెలకు రెండు కిలోల దాకా తగ్గుతారు, అంతకంటే తొందర వద్దు. మీ శరీర ద్రవ్యరాశి సూచిక (బీఎంఐ, ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) 30 దాటింది. భారతీయులకు 23 నుంచే అధిక బరువు, 25 నుంచి స్థూలకాయం అని లెక్క. మగవారి నడుము 90 సెంటీమీటర్లలోపు ఉండాలి, మీది 104. ఈ అంకెలు చూసి దిగులుపడకండి. బరువులో ఐదు శాతం, అంటే మీకు నాలుగు కిలోల పైచిలుకు తగ్గితే చాలు, రక్తపోటు, చక్కెర మెరుగుపడటం మొదలవుతుంది.

ప్రొటీన్ పొడి గురించి గట్టిగా చెప్పాలి. మీరు తిరిగే దారిలోనే ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మూత్రపిండాల జబ్బుతో ఎన్ని ఇళ్లు కుంగిపోయాయో నాకంటే మీకే బాగా తెలుసు. చాలామందికి ముదిరేదాకా బయటపడదు. కాబట్టి మూత్రపిండాల పనితీరు తెలిపే సీరం క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించుకోకుండా ఏ పొడీ ముట్టకండి. పరీక్షలు బాగున్నా పొడి కొననక్కర్లేదు, పప్పు, గుడ్డు, పెరుగు, చేప చాలు. నడక మొదలుపెట్టాక మోకాలు నొప్పి పుడితే మీ బ్యాగులో ఉన్న నొప్పి బిళ్లలు రోజూ వేసుకోకండి. ఆ మందులు మూత్రపిండాలను ఏం చేస్తాయో మీరే డాక్టర్లకు కాగితాల మీద చూపిస్తుంటారు.

వ్యాయామానికి మీ దగ్గర సమయం ఉంది, మీరు గమనించలేదు. డాక్టరు గది బయట ఎంతసేపు కూర్చుంటారు? నా గది బయట మీలాంటి కుర్రవాళ్లు బ్యాగు ఒళ్లో పెట్టుకుని గంటలు గంటలు ఫోను చూస్తూ కూర్చోవడం చూసి నాకు మనసు చివుక్కుమంటుంది. కంపౌండరుకు చెప్పి, బ్యాగు అక్కడ పెట్టి పది నిమిషాలు వీధిలో గబగబా నడిచి రండి. రోజుకు మూడు చోట్ల అలా చేస్తే ముప్పై నిమిషాలు. వారానికి ఐదు రోజులు చేస్తే 150 నిమిషాలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పే కనీస లెక్క అదే. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంత వేగం ఉండాలి. రాత్రి భోజనం కాగానే మంచం ఎక్కకుండా పావుగంట నడిస్తే తిన్న తర్వాత పెరిగే చక్కెర అదుపులో ఉంటుంది.

దానికి తోడు వారానికి రెండు రోజులు కండరాలకు పని చెప్పాలి. లాడ్జి గదిలో కుర్చీ చాలు. చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లు, గోడకు చేతులు ఆనించి దండీలు పదిసార్లు, మూడు విడతలు. నెల తర్వాత కుర్చీ తీసేసి గుంజీళ్లు తీయండి. కోడి రామమూర్తి నాయుడు గారు వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామం నేర్పిన మనిషి. గుండె మీదికి ఏనుగును ఎక్కించుకున్న ఆ మల్లయోధుడు శాకాహారి. దండీలు, బస్కీలు తీసిన నేల మీద పుట్టి, జిమ్ లేదని ఆగిపోకండి.

ప్రశ్న: నా వయసు 36, ఇద్దరు పిల్లలు. ప్రతి ఆదివారం అందరం హోటల్‌కు వెళ్తాం. పిల్లలకు ఫ్రైడ్ రైస్, గోబీ మంచూరియా తప్ప ఏవీ నచ్చవు. బరువు తగ్గాలని నేను ఏమీ తినకుండా కూర్చుంటే మా వారు బాధపడుతున్నారు. - ఒక గృహిణి, విజయనగరం

జవాబు: అమ్మా, ఆయన బాధపడటంలో న్యాయం ఉంది. ఆకలితో కూర్చుని, ఇంటికి వచ్చాక పదింటికి పిల్లలు మిగిల్చిన చిప్స్ పొట్లం తెరిచేవాళ్లను నేను చాలామందిని చూశాను. మీరూ తినండి. బయలుదేరే ముందు ఇంట్లో ఒక జామకాయో కీరాయో తింటే హోటల్‌లో చెయ్యి తొందరపడదు. మీగడ వేయని పలుచని సూపుతో మొదలుపెట్టండి. నలుగురికి నాలుగు ప్లేట్లు చెప్పకుండా మూడు చెప్పి పంచుకోండి. మంచూరియా అంటే గోబీ ముక్కను పిండిలో ముంచి, నూనెలో వేయించి, మళ్లీ నూనెలో సాసులతో కలపడం. పిల్లలతో పాటు రెండు ముక్కలు తిని ఆపండి, దాని బదులు తందూరీలో కాల్చిన చికెనో పనీరో మీ కోసం చెప్పుకోండి.

హోటల్ నుంచి నేరుగా ఇంటికి వెళ్లకండి. అయ్యకోనేరు గట్టు మీద పిల్లలతో ఒక చుట్టు నడవండి. నేను రోజూ ఉదయం నడిచేది అక్కడే. పిల్లలు ముందు పరిగెత్తుతుంటే మీ నడక వేగం దానంతట అదే పెరుగుతుంది. మీ వారిని కూడా పక్కనే నడిపించండి, ఆయన బండి మీద కూర్చుని ఎదురుచూడటం కుదరదని చెప్పండి.

ప్రశ్న: నాకు 66 ఏళ్లు. పన్నెండేళ్లుగా మధుమేహం. వారానికి రెండుసార్లు అబ్బాయి హోటల్‌కు తీసుకువెళ్తాడు. ఆ లెక్క సరిపెట్టడానికి ఆ రోజుల్లో ఉదయం టిఫిన్ మానేసి గంట నడుస్తున్నాను. మంచిదేనా? - విశ్రాంత ఉద్యోగి, బొబ్బిలి

జవాబు: బాబాయ్ గారూ, దయచేసి రేపటి నుంచే ఆపండి. మీరు ఏ మందు వాడుతున్నారో రాయలేదు. గ్లిమిపిరైడ్ వంటి బిళ్లలు గానీ ఇన్సులిన్ గానీ అయితే, మందు వేసుకుని టిఫిన్ మానేసి గంట నడవడం ప్రమాదం. చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు పట్టడం, చేతులు వణకడం, కళ్లు తిరగడం ఎప్పుడైనా జరిగిందా? జరిగి ఉంటే ఈ వారమే మీ డాక్టరుకు చెప్పండి, మోతాదు మార్చవలసి రావచ్చు. హోటల్‌కు వెళ్లే రోజు కూడా ఉదయం రెండు ఇడ్లీలు తినండి. హోటల్‌లో అన్నం తగ్గించండి, అబ్బాయి ఎంత బలవంతం చేసినా విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టండి. గంట నడకను ఉదయం అరగంట, సాయంత్రం అరగంటగా విడదీయండి. మెత్తని బూట్లు వేసుకుని, ఇంటికి రాగానే అరికాళ్లు చూసుకోండి. నడకకు బయలుదేరేటప్పుడు జేబులో ఫోనుతో పాటు, చక్కెర పడిపోతే నోట్లో వేసుకోవడానికి ఒక చిన్న పంచదార పొట్లం పెట్టుకోండి.