ఎర్ర మరుగుజ్జా, అరుణ వామనమా?

సందేహం: మా అబ్బాయి స్కూల్ ప్రాజెక్ట్‌కి ప్రాక్సిమా సెంటారీ అనే నక్షత్రం గురించి తెలుగులో రాసిస్తున్నానండీ. అలాంటి చిన్న ఎర్ర నక్షత్రాన్ని, అంటే రెడ్ డ్వార్ఫ్‌ని, ఒకచోట అరుణ మరుగుజ్జు అన్నారు, ఇంకోచోట అరుణ వామన తార. ఏది కరెక్ట్? (రాసింది కూడా జత చేశాను.)

సమాధానం: మొదటిది వైరి సమాసమనే (సంస్కృత పదానికి తెలుగు పదం అతికించారనే) కదమ్మా మీ అనుమానం, ఆ లెక్కన చూస్తే అరుణ వామన తారకి వంక పెట్టడానికేం లేదు. అయినా నాకది మింగుడుపడదు. వామనుడనగానే మనకి పోతన గుర్తురావాలి, ఇంతింతై పద్యం అందరికీ నోటికొచ్చు గానీ "రవిబింబం బుపమింప" పద్యం కూడా ఒకసారి తీసి చదవండి, అందులో అదే సూర్యుడు వటుడికి ముందు గొడుగు, తర్వాత తలమీద మణి, చెవికి కమ్మ, మెడలో నగ, భుజానికి కేయూరం, చేతికి కంకణం, మొలకి గంట, కాలికి అందె, ఆఖరికి పాదాల కింద పీట. పెరిగాడు అన్న మాటే వాడకుండా సూర్యుణ్ణి ఒక్కో మెట్టు దించుకుంటూ వచ్చి పెరగడం చూపించాడు మహానుభావుడు, ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

అంటే వామనుడంటే పొట్టివాడని కాదు, పెరగబోయేవాడని. ప్రాక్సిమా పెరగదు కదా! సూర్యుడి బరువులో ఎనిమిదో వంతు, వెలుగు ఆరువందల్లో ఒక వంతు కూడా లేదు, మనకి సూర్యుడి తర్వాత అతి దగ్గర నక్షత్రమై ఉండీ మామూలు కంటికి ఆనదు, 1915లో జోహానెస్‌బర్గ్‌లో రాబర్ట్ ఇన్నెస్ పట్టుకునేదాకా ఎవరికీ తెలీదు. ఉన్న హైడ్రోజన్‌ని పొదుపుగా వాడుకుంటూ లక్షల కోట్ల ఏళ్ళు అలాగే ఉంటుందట, ఇంత చిన్నవి చివర్లో ఉబ్బి రెడ్ జెయింట్ (పెద్ద ఎర్ర నక్షత్రం) అవ్వవట. సూర్యుడు మాత్రం ఇంకో 500 కోట్ల ఏళ్ళకి ఉబ్బి బుధుణ్ణి, శుక్రుణ్ణి మింగేస్తాడు. ఖగోళ శాస్త్రంలో సూర్యుడూ డ్వార్ఫే, కాబట్టి వామన అన్న పేరు న్యాయంగా సూర్యుడికి చెల్లాలి.

అరుణ శబ్దం మీద నాకు కోపం లేదు, అమరకోశం రాసిన అమరసింహుడు "అవ్యక్తరాగం" అన్నాడు, అంటే తేలీ తేలని ఎరుపు, ఆ నక్షత్రం రంగూ దాదాపు అదే. మరుగుజ్జులోని గుజ్జు, సంస్కృత కుబ్జకి ప్రాకృతరూపమైన ఖుజ్జకి చుట్టమని నా నమ్మకం. మనుషుల్ని ఆ మాటనడం తప్పు, నక్షత్రాన్ని అనొచ్చు.

నేనైతే ఎర్ర మరుగుజ్జు అంటాను. అరుణ మరుగుజ్జు కూడా వాడుకలో పడిపోయింది, మాస్టారు అదే కావాలంటే ఉంచేయండి. కానీ మీరు పంపినదాంట్లో "4.24 కాంతి సంవత్సరాల క్రితం" అని ఉంది చూశారా, ఈమధ్య అందరూ ఇలాగే రాసేస్తున్నారు, అది మాత్రం ఒప్పుకోను. కాంతి సంవత్సరం దూరం, కాలం కాదు. "దూరంలో" అని దిద్దండి.