బావ ముందు కూల్‌డ్రింకు గ్లాసు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. తాగుడు మానేసి ఏడు నెలలైంది. మాత్రలు వాడుతున్నాను. మా అక్క భర్త, నేను ప్రతి శనివారం పాత పాటలు పెట్టుకుని తాగేవాళ్లం. ఇప్పుడు ఆ పాటల్లో ఏదైనా మొదలై వేణువు వినపడితే చాలు, నాలుక పీకేస్తోంది. బావ ఇప్పటికీ వస్తారు, తాగుతారు, ఆ పాటలే పెడతారు. నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. డాక్టరు కొన్నాళ్లు వద్దన్నారని చెప్పి, కూల్‌డ్రింకు గ్లాసు పట్టుకుని పక్కన కూర్చుంటున్నాను. మొన్న రాత్రి ధైర్యం కోసం ఒంటరిగా మూడు పాటలు విన్నాను, ఏమీ కాలేదు. పాటలన్నీ తీసేయాలా, వింటూ అలవాటు పడాలా?

జవాబు: తీసేయండి. పది నిమిషాల పని. మీరు గట్టిపడ్డాక మళ్లీ తెచ్చుకోవచ్చు, పాటలు ఎక్కడికీ పోవు.

మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్నది ఆ కూల్‌డ్రింకు గ్లాసు. ఏడు నెలల నుంచి ఒక్క చుక్క ముట్టని మనిషి, ఎదుటివాళ్లు నొచ్చుకుంటారేమోనని తాగుతున్నట్టే గ్లాసు పట్టుకుని కూర్చోవడమేమిటండీ? మానేశానన్న మాట మీరు బావగారితో ఇంతవరకూ అననేలేదు. "డాక్టరు కొన్నాళ్లు వద్దన్నారు" అన్నారంతే. ఆ 'కొన్నాళ్లు' ఎప్పుడు అయిపోతాయా అని ఆయన ఎదురుచూస్తుంటారు. నాకు తెలిసి మీ మనసులో ఒక మూల కూడా ఎదురుచూస్తోంది.

చదివించిన మనిషికి రుణపడి ఉండాల్సిందే, కాదనను. ఆయనకు ఒంట్లో బాగాలేకపోతే పక్కన ఉండండి, అక్క పిల్లలకు అండగా నిలబడండి. తాగుడుకు తోడు కూర్చోవడం మాత్రం ఆ రుణంలో భాగం కాదు. ఆయన చదివించింది మీరు బాగుపడాలనే కదా!

ఇక ఆ రాత్రి పరీక్ష. దయచేసి మళ్లీ చేయకండి. తిండి పెట్టే ముందు ప్రతిసారీ ఒక శబ్దం వినిపిస్తూ పోతే, కొన్నాళ్లకు ఆ శబ్దానికే కుక్కలకు నోరూరడం పావ్‌లోవ్ అనే రష్యా శాస్త్రవేత్త చూశాడు. మీ వేణువు చేస్తున్నదీ అదే. తిండి పెట్టకుండా శబ్దం మాత్రమే వినిపిస్తూ ఉంటే నోరూరడం తగ్గుతుంది. కానీ పాత అలవాటు చెరిగిపోదు, అడుగున ఉండిపోతుంది. ఒక గదిలో తగ్గిన కోరిక, చోటు మారితే మళ్లీ లేస్తుంది. మీ గదిలో ఒంటరిగా విన్నప్పుడు ఏమీ కాలేదంటే, బావ పక్కన, గ్లాసుల చప్పుడు మధ్య కూడా ఏమీ కాదని అర్థం కాదు. పాటలు వింటూ అలవాటు పడాలనుంటే, అది మీకు వైద్యం చేస్తున్నవాళ్లు దగ్గరుండి చేయించాలి.

దారిలోనో పెళ్లిలోనో ఆ పాట చెవిన పడకుండా ఎవరూ ఆపలేరు. పడితే అక్కడి నుంచి లేచి వెళ్లిపోండి, మర్యాద తర్వాత చూసుకోవచ్చు. ఆ లాగుడు అలలా లేచి, మామూలుగా అరగంటలోపు దిగిపోతుంది. దానితో కుస్తీ పట్టకండి. గొంతులో ఎలా ఉంది, చేతుల్లో ఎలా ఉంది అని గమనిస్తూ నడవండి, ఎవరికైనా ఫోన్ చేయండి. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట ఉన్న రోజున ఆ అల ఇంకా పెద్దదవుతుంది, అందుకే వేళకు తినండి, పడుకోండి. డాక్టరును అడగకుండా మాత్రలు ఆపకండి.

బావగారికి చెప్పే పని ఇంకెవరి మీదా పెట్టకండి. అక్కతో చెప్పించడం అసలే వద్దు, ఆవిడ ఇద్దరి మధ్యా నలిగిపోతుంది. శనివారం ఆయన సీసాతో వచ్చాక చెప్పడం కష్టం కాబట్టి, శుక్రవారమే మీరు ఒక్కరే వెళ్లి కలవండి. "బావా, నేను తాగుడు మానేశాను. ఇక ఎప్పటికీ తాగను. మా ఇంట్లో సీసా, ఆ పాటలు వద్దు. నువ్వు మాత్రం రావాలి, పొద్దున్నే రా" అనండి. సంజాయిషీలు వద్దు. ఆయన అలిగితే అలగనివ్వండి. రెండు వారాలు రాకపోయినా, మూడో వారం మీరే అక్కను చూడటానికి వెళ్లండి, పగటిపూట.