రెండు సీట్లూ వచ్చాయి, ఏ డెంటల్ కాలేజీలో చేరాలి?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది గాజువాక. బీడీఎస్‌కి విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీలో కన్వీనర్ కోటా సీటు, విశాఖలోనే ఒక ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు వచ్చాయి. అమ్మ దూరం వద్దంటోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, విజయవాడ వెళ్లు. రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఆరు గంటల ప్రయాణం, అంతే. అమ్మ బెంగ నాకు తెలుసు, నేనూ ఆడపిల్ల తల్లినే.

బీడీఎస్ అంటే నాలుగేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. మొదటి ఏడాది మైనంతో పళ్లు చెక్కడం ఎక్కడైనా నేర్పుతారు. అసలు తేడా మూడో ఏడాది నుంచి, పేషెంటు కుర్చీ దగ్గర తెలుస్తుంది. నేను చదివిన కాలేజీలో భవనం అద్దంలా ఉండేది, ఓపీలో మాత్రం జనం ఉండేవారు కాదు. మేం చూడాల్సిన పేషెంట్ల లెక్క నింపడానికి మా హాస్టల్ వాచ్‌మన్‌ని బతిమాలి తెచ్చుకున్నాను. కింది దవడ పన్ను మొదటిసారి తీసినప్పుడు ఫోర్సెప్స్ పట్టిన నా మణికట్టు ఎంత వణికిందో ఇప్పటికీ గుర్తే. పన్ను చుట్టూ ఎముక సడలడం చేతికి తెలియాలి. అది పదిమందికి తీస్తేగాని రాదు. ఆ పదిమంది ప్రభుత్వ కాలేజీకే ఎక్కువగా వస్తారని నా నమ్మకం.

అయినా నా మాటే నమ్మొద్దు. ఒక సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి రెండు చోట్లా ఓపీ ముందు నిలబడి చూడు. హౌస్ సర్జన్లని అడుగు, ఎన్ని పళ్లు తీశారు, ఎన్ని రూట్ కెనాల్స్ సొంతంగా చేశారు అని. విజయవాడలో ఓపీ ఖాళీగా కనిపిస్తే మళ్లీ రాయి. ఫీజులో మిగిలే డబ్బు నాన్నగారిని ఖర్చుపెట్టొద్దను, పై చదువు ఎండీఎస్‌కి పనికొస్తుంది.