బావమరిదితో పందెం, ఇంట్లో పంచాయితీ

ప్రశ్న: నా వయసు 41. మండపేట దగ్గర రైసు మిల్లులో లెక్కలు రాస్తాను. ఇరవై ఏళ్ళప్పుడు మిలటరీ సెలక్షన్ల కోసం పరుగెత్తేవాణ్ణి. 1600 మీటర్లు ఐదు నిమిషాల యాభై సెకన్లలో కొట్టేవాణ్ణి. ఉద్యోగం రాలేదు, పెళ్ళయింది, పరుగు పోయింది. మొన్న సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ మొదలుపెట్టాను. మా బావమరిదికి 23. కానిస్టేబుల్ సెలక్షన్లకి తయారవుతూ మా ఇంట్లోనే ఉంటున్నాడు. వారానికి ఐదు రోజులు వాడితోనే తారు రోడ్డు మీద పరుగు. జనవరిలో ఐదు కిలోమీటర్లకి 34 నిమిషాలు పట్టింది. మే సగమైంది, ఇప్పుడూ అదే 34. ఎడమ కాలి ముందు ఎముక పక్కన నొప్పి కూడా పట్టుకుంది. దాళ్వా ధాన్యం, అదే రెండో పంట, దిగుతోంది కదా, మిల్లు నుంచి వచ్చి పడుకునేసరికి పదకొండున్నర. మళ్ళీ నాలుగున్నరకి లేస్తాను. వాడు రోజూ నాకంటే ముందే వెళ్ళిపోయి వంతెన దగ్గర కూర్చుని "రండి బావగారూ, టీ చల్లారిపోతోంది" అంటాడు. మొన్నొక రోజు మా అబ్బాయి ముందే "మీ నాన్న బండి ఆగిపోయిందిరా" అన్నాడు. పిల్లాడు పకపకా నవ్వాడు. ఆ కోపం ఇంటికొచ్చి మా ఆవిడ మీద చూపించాను. "మా తమ్ముడంటే మీకు గిట్టదు, ఈ వయసులో ఎవరిని గెలవాలని ఈ పరుగు" అంది. మూడు రోజులుగా మాటల్లేవు. ఈ వయసులో వేగం పెరుగుతుందా? ఏం చెయ్యాలి?

జవాబు: మీరు లెక్కలు రాసే మనిషి. అందుకని ముందు మీ లెక్కలోనే తప్పు పట్టుకుంటానండి. జనవరి 34 నిమిషాలూ మే 34 నిమిషాలూ ఒకటి కావు. సంక్రాంతి రోజుల్లో మీ వైపు తెల్లారుజామున మంచు దిగుతుంది, ఒళ్ళు వేడెక్కితేనే హాయిగా ఉంటుంది. ఇప్పుడు ఐదింటికే ఉక్క. మన డెల్టాలో గాలి నిండా తేమే కాబట్టి చెమట కారుతుందే తప్ప ఆరదు. అది ఆరితేగానీ ఒళ్ళు చల్లబడదు. చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్ళుతుంది, కాళ్ళకి అందేది తగ్గుతుంది, అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. ఇలాంటి ఎండాకాలంలో, అదీ రోజుకి ఐదు గంటల నిద్రతో, జనవరి టైము నిలబెట్టారంటే మీరు ఎదుగూబొదుగూ లేకుండా ఉండిపోలేదు. మెరుగుపడ్డారు. ఆ మెరుగుని ఈ ఉక్క కప్పేసింది, అంతే.

ఇక్కడితో ఊరుకుంటే మీరు సంతోషిస్తారు గానీ, కాలి నొప్పి మాటేమిటి? అది ఎండవల్ల వచ్చింది కాదు. వారానికి ఐదు రోజులూ మీరు పరుగెత్తుతున్నది మీ బావమరిది పరుగు. అతనికి ఒళ్ళు వేడెక్కడానికి పనికొచ్చే వేగం మీకు ఆయాసం తెప్పిస్తోంది. అలా రోజూ రొప్పుతూ పరుగెత్తితే వచ్చేది అలుపే. నిజంగా వేగంగా వెళ్ళాల్సిన రోజున ఆ వేగం అందదు, నెమ్మదిగా వెళ్ళి తేరుకోవాల్సిన రోజున తేరుకోవడం ఉండదు. చాలా ఏళ్ళ తరవాత మళ్ళీ పరుగందుకున్న నడివయసు వాళ్ళలో ఎక్కువమంది చేసే పొరపాటే ఇది. పాత టైము ఒంట్లో ఎక్కడో గుర్తుండిపోతుంది మరి.

గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే దారికొస్తాయి. "ఇంకా లాగగలను" అనిపించేది అందుకే. ఎముకలూ, కండని ఎముకకి పట్టి ఉంచే నరాల్లాంటి కట్లూ గట్టిపడడానికి మాత్రం నెలలు కావాలి. ఈ రెంటి మధ్య ఎడంలోనే దెబ్బలు తగులుతాయి. తేమ 17 శాతం దాటిన ధాన్యం వస్తే మీరు ఆరబెట్టమంటారే గానీ మరలో పోయనివ్వరు, నూకైపోతుందని మీకు తెలుసు. కాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఆ జాగ్రత్త ఎందుకు పోయిందో మరి!

కాబట్టి ఓ రెండు వారాలు పరుగు ఆపేయండి. సైకిలు తొక్కండి, నొప్పి రానంతలో నడవండి. ఎముక పక్క నొప్పి తగ్గి, నడకలోనూ మెట్లు దిగేటప్పుడూ ఏమీ అనిపించనప్పుడే మళ్ళీ మొదలు. అదీ నాలుగు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడకగా మొదలుపెట్టాలి. తారు రోడ్డు మాని కాలవ గట్టు మీది మట్టిదారి పట్టండి. రోడ్డు అంచులు పక్కకి వాలి ఉంటాయి. రోజూ ఒకే అంచున వెళ్తే ఒక కాలికే భారం ఎక్కువ పడుతుంది. మీకు ఎడమ కాలికే రావడానికి అదీ ఒక కారణం కావచ్చు. వానలు పడ్డాక గట్టు జారుతుంది, ఆ రోజులకి కాలేజీ గ్రౌండు చూసుకోండి. బూట్ల మడమలు ఒకవైపు అరిగిపోయి ఉంటే కొత్తవి కొనండి, ఈ ఒక్క ఖర్చుకీ వెనకాడకండి.

ఆ తరవాత వారానికి ఐదు రోజులు వద్దు. మీకు మూడు చాలు, కుదిరిన వారం నాలుగు. రెండు మామూలు రోజుల్లో అరగంట చొప్పున, ఆదివారం నలభై ఐదు నిమిషాలు. వేగం ఎంతంటారా? పక్కనున్న మనిషితో ధాన్యం రేట్ల గురించి రొప్పకుండా మాట్లాడగలిగినంత. మీకది ఇప్పుడు కిలోమీటరుకి ఎనిమిది నిమిషాలకి దగ్గరగా ఉంటుంది. గట్టు మీద నడిచే పెద్దాయన మిమ్మల్ని దాటిపోతాడేమో అనిపిస్తుంది. దాటిపోనివ్వండి. ఫోనులో పరుగు వేగం చెప్పే యాప్ ఏదైనా ఉంటే దాని శబ్దం ఆపేసి జేబులో పెట్టుకోండి.

వేగం మీద పని ఎప్పుడన్నది మీ మిల్లే చెబుతుంది. దాళ్వా సందడి తగ్గాక జూన్ నుంచి అక్టోబరు దాకా మీకు కాస్త ఊపిరి ఆడుతుంది. సార్వా ధాన్యం, అదే మొదటి పంట, దిగే నవంబరు, డిసెంబరుల్లో మళ్ళీ రాత్రిళ్ళు మిల్లులోనే. అంటే జూన్, జూలై రెండు నెలలూ పైన చెప్పిన నెమ్మది పరుగే. జూలైలో ఒక్కటి కలపండి. పరుగు ముగిశాక ఇరవై సెకన్ల చొప్పున నాలుగుసార్లు హుషారుగా పరుగెత్తి, మధ్యలో పూర్తిగా తేరుకునేదాకా నడవండి. పళ్ళు బిగించి పరుగెత్తడం కాదు, భుజాలు వదులుగా ఉండాలి. ఆగస్టులో వారానికి ఒకరోజు ఎత్తు మీద పని. మన నేల బల్లపరుపు, ఎత్తు కావాలంటే వంతెనో ఏటిగట్టో దిక్కు. ఆదివారం బండేసుకుని కపిలేశ్వరపురం వైపు వెళ్తే గౌతమి గోదావరి ఏటిగట్టు మీదికెక్కే వాలు దొరుకుతుంది. పన్నెండు పదిహేను సెకన్లు గట్టిగా ఎక్కి, నడుస్తూ దిగి, ఆరుసార్లు. ఎత్తు ఎక్కేటప్పుడు అడుగు దెబ్బ నేల మీద తక్కువ పడుతుంది, పిక్కకి బలం ఎక్కువ వస్తుంది. అందుకే చదునులో వేగానికి ముందు ఇది పెట్టాను. సెప్టెంబరు దాటాక మూడు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు నెమ్మదిగా, నాలుగు సార్లు. ఇదీ వారంలో ఒక్క రోజే. అలుపొచ్చినా పరుగు తీరు చెడకూడదు, నాలుగోది కూడా మొదటిదంత వేగంగానే రావాలి. రాలేదంటే మొదటిది మరీ దూకుడుగా వెళ్ళారన్నమాట.

రోజూ పళ్ళు తోముకునేటప్పుడు మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించుతూ ఉండండి. వారానికి రెండు రోజులు గుంజీలు తియ్యండి. చిన్నప్పుడు మాస్టారు తీయించినవే, ఇప్పుడు మీ ఇష్టంతో.

నవంబరు, డిసెంబరుల్లో ఏమీ పెంచకండి. రెండు పరుగులు కుదిరితే రెండు. పడుకునేసరికి పన్నెండైన రాత్రి అలారం పెట్టుకోకండి. నిద్ర మాని పరుగెత్తితే శిక్షణ లెక్కలోకి రాదు, పరుగుతో అలిసిన కండ బాగుపడేది నిద్రలోనే. ఇలా వెళ్తే వచ్చే సంక్రాంతికి ఐదు కిలోమీటర్లు 30 నిమిషాలకి అటూ ఇటూగా వస్తుందని నా అంచనా. ఐదు నిమిషాల యాభై సెకన్ల కుర్రాడు తిరిగి రాడు, అతని కోసం ఎదురుచూడకండి. అథ్లెటిక్స్‌లో 35 దాటినవాళ్ళకి మాస్టర్స్ అని వేరే పోటీలున్నాయి, అందులోనూ ఐదేళ్ళకొక వర్గం. 41 ఏళ్ళాయన్ని 46 ఏళ్ళాయనతో కూడా కలపరు, మీరేమో 23 ఏళ్ళవాడితో రోజూ పోటీ పెట్టుకున్నారు.

ఇక అతని సంగతి. బావని వెటకారం చెయ్యని బావమరిదిని గోదావరి జిల్లాల్లో ఎవరైనా చూశారా అండీ? టీ చల్లారిపోతోందన్న మాటకి మీరు నొచ్చుకుంటే అది మీ లోపమే. నవ్వేసి టీ తాగండి, డబ్బులు అతని చేతే ఇప్పించండి. పిల్లాడి ముందు అన్న మాట మాత్రం వేరు. అది ఒక్కసారి, పక్కకి పిలిచి, "నన్నేమన్నా అను, వాడి ముందు వద్దురా" అని చెప్పండి. మీ ఆవిడ చేత చెప్పించకండి. ఇన్నాళ్ళూ మీ ఇద్దరి మధ్యా నలిగింది ఆవిడే.

అతనితో పరుగు వారంలో ఒక్క రోజుకి తగ్గించుకోండి. ఆ రోజున కూడా మీరు అతని వెంటపడకండి, గ్రౌండులో గడియారం పట్టుకుని నిలబడండి. అతని సెలక్షన్లో 1600 మీటర్లు ఎనిమిది నిమిషాల్లో అవ్వాలి, అంటే నాలుగు వందల మీటర్ల గ్రౌండులో రౌండుకి రెండు నిమిషాలు. మొదటి రౌండులో దూకేసి మూడో రౌండులో చతికిలబడడం కుర్రాళ్ళ అలవాటు. ఆ దూరాన్ని అంత వేగంగా కొట్టిన మనిషి ఆ ఇంట్లో మీరొక్కరే. రౌండు రౌండుకీ టైము అరిచి చెప్పండి. బావగారికి ఏదో తెలుసన్న సంగతి అతనికి తెలియాలి కదా. మీ ఎత్తు పరుగుల రోజున గడియారం అతను పడతాడు.

మీ ఆవిడ మాటలో మొదటి సగం కోపంలో అన్నది, దాన్ని వదిలేయండి. రెండో సగం నిజమైన ప్రశ్న. నాలుగు నెలలుగా పొద్దున్నే మీరూ, ఆవిడ తమ్ముడూ రోడ్డు మీద ఉంటే నీళ్ళ మోటారు, టిఫిను, పిల్లాడి క్యారేజీ, బడి బస్సు ఎవరి నెత్తిన పడ్డాయో ఉత్తరంలో ఒక్క ముక్క రాయలేదు మీరు. ఇంటికొచ్చేటప్పుడు మోసుకొచ్చింది చిరాకు. ముందు అరిచినందుకు క్షమించమని అడగండి, సంజాయిషీ వద్దు. ఇప్పుడు సెలవులు కాబట్టి ఇబ్బంది తెలియదు. జూన్‌లో బళ్ళు తెరిచేలోపు ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. పరుగు లేని నాలుగు పొద్దులూ పిల్లాణ్ణి తయారు చేసి బస్సెక్కించేది మీరు. ఇంట్లో ఉంటున్న కుర్రాడికీ కాలవ గట్టుతో పాటు కూరగాయల సంచీ అలవాటు చెయ్యండి. మీరు పరుగెత్తే పొద్దులు ఏవో ముందే తెలిస్తే ఆవిడకి అభ్యంతరం ఉండదనే నా నమ్మకం. ఆవిడకి కూడా తనవంటూ రెండు పొద్దులు కావాలేమో, అడిగి చూడండి. పరుగే కానక్కర్లేదు.

ఇంకొక్కటి. ఆగస్టులో ఎత్తు పని మొదలుపెట్టేలోపు బీపీ, షుగరు, ఈసీజీ చూపించుకోండి, ఇరవై ఏళ్ళ తరవాత గుండెని పరుగెత్తిస్తున్నారు. పరుగులో ఛాతీ పట్టేసినట్టున్నా, కళ్ళు తిరిగినా అక్కడే ఆగి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. కాలి ఎముక మీద వేలితో నొక్కితే ఒకే చోట కలుక్కుమంటున్నా, రాత్రి పడుకున్నా సలుపుతున్నా రెండు వారాలు ఆగొద్దు. వెంటనే ఎముకల డాక్టరుకి చూపించండి. సన్నని పగులు మొదట్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, అందుకని నొప్పి ఎప్పుడు మొదలైందో, పరుగు ఎంత పెంచాక వచ్చిందో తారీకులతో సహా డాక్టరుకి చెప్పండి.